హాలుకు జేగురు రంగు వేయించిన అనుభవం

మా హాలు గోడలకు జేగురు రంగు వేయిద్దామని నేను అన్నప్పుడు ఇంట్లో అందరికీ వచ్చిన సందేహం ఒక్కటే: గది చీకటిగా, ఇరుకుగా అయిపోదా అని. ఆ సందేహంలో న్యాయం ఉంది. తెల్లని గోడ తన మీద పడిన వెలుతురులో నూటికి 80 వంతులకు పైగా తిరిగి ఇస్తుంది. ముదురు ఎరుపు ఛాయలు సుమారు 10 నుంచి 20 వంతులే ఇస్తాయి. అందుచేత రంగు ఎంపిక కంటే ముందు, ఆ గదిలోకి ఏ వేళ ఎటువంటి వెలుతురు వస్తోందో గమనించడం మొదలుపెట్టాను.

మా హాలు కిటికీలు ఉత్తరం వైపు ఉన్నాయి. ఎండ నేరుగా పడదు. వచ్చేదంతా ఆకాశం నుంచి వచ్చే, కాస్త నీలం కలిసిన వెలుతురు. అందులో నీలం వైపు మొగ్గే ఎరుపులు వంగపండు ఛాయకు తిరిగి దిగులుగా కనిపించాయి, పసుపు పాలు ఉన్న ఎరుపు మాత్రం నిలబడింది. షేడ్ కార్డు మీది చిన్న ముక్కను నమ్మకుండా, రెండు పెద్ద అట్టలకు రెండేసి కోట్లు (పూతలు) వేసి, ఆరాక వాటిని గది మూలలో ఒకదానికొకటి లంబంగా నిలబెట్టాను. రెండూ కలిసే చోట రంగు అట్ట మీదికంటే స్పష్టంగా చిక్కగా, ఎర్రగా కనిపించింది. ఒక అట్ట నుంచి తిరిగివచ్చిన ఎర్రని వెలుతురు పక్క అట్ట మీద పడి మళ్లీ ఎర్రబడటమే దీనికి కారణం. నాలుగు గోడలకూ వేస్తే ఇదే జరుగుతుంది కనుక, మనసుకు నచ్చిన ఛాయ కంటే ఒక మెట్టు మెత్తనిదాన్ని ఎంచుకున్నాను. ఈ ఒక్క పరీక్ష మిగిలిన సలహాలన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడిందని నా నమ్మకం.

బల్బులు కూడా మార్చవలసి వచ్చింది. నీలం కలిసిన తెల్లని వెలుతురు ఇచ్చే 6500 కెల్విన్ ట్యూబులైటు కింద ఆ అట్టలు మట్టి రంగుకు దిగిపోయాయి. పసుపు వెలుతురు ఇచ్చే 2700 కెల్విన్ బల్బు కింద వెచ్చగా వెలిగాయి.

ముదురు రంగులు కలపడానికి వాడే బేస్‌లో, అంటే రంగు కలపకముందు ఉండే మూల పెయింటులో, తెల్లదనం ఇచ్చే టైటానియం డయాక్సైడ్ తక్కువగా ఉంటుంది. గోడను కప్పే శక్తిలో దానికి పెద్ద పాత్ర ఉంది కాబట్టి, తెల్ల ప్రైమరు మీద ఎరుపు ఒకటి రెండు కోట్లు వేసినా కింది తెలుపు తొంగిచూడవచ్చు. అందుకే పుట్టీ పెట్టి సాండ్‌పేపరుతో నునుపు చేయించాక, బూడిద ఛాయ కలిపిన ప్రైమరు వేయించాను. డబ్బాకూ డబ్బాకూ స్వల్పంగా తేడా ఉండవచ్చు కనుక, పని మొదలుపెట్టకముందే అన్నిటినీ ఒకే పెద్ద బకెట్లో పోసి కలిపించాను.

మొదటి కోటు ఆరాక గోడంతా మచ్చలు మచ్చలుగా కనిపించింది. "మొదటి కోటు చూసి రంగును అంచనా వేయకండమ్మా" అన్నారు పెయింటరు గారు. ఆయన మాటే నిజమైంది. ఎమల్షన్ (నీటితో కలిపే గోడ పెయింటు) తడిగా ఉన్నప్పుడు లేతగా ఉండి, ఆరేకొద్దీ ముదురుతుంది. కోటుకూ కోటుకూ మధ్య నాలుగేసి గంటలు ఆగి, రోలరు వేసిన అంచు తడి ఆరకముందే పక్క పట్టీని కలుపుకుంటూ ఆయన మూడు కోట్లు పూర్తి చేశారు. మెరుపు పెయింటు అయితే కిటికీ పక్కనుంచి పడే వెలుతురులో గోడ ఎగుడుదిగుళ్లు పైకి తేలేవి. మెరుపు లేని మ్యాట్ పెయింటు వాటిని దాచింది. చేతి మరకలు మ్యాట్ మీద త్వరగా పడతాయన్నది నిజమే, అయినా హాలులో ఆ ఇబ్బందికి నేను సిద్ధపడ్డాను.

సీలింగుకు స్వచ్ఛమైన తెలుపు వద్దని, పసుపు ఛాయ లేశమాత్రం ఉన్న తెలుపు వేయించాను. గోడల ఎరుపు పైకి ప్రతిఫలించినా అది గులాబీ రంగుగా మారలేదు. మిగిలిన పెయింటును గాలి చొరని చిన్న సీసాలో పోసి, మూత మీద షేడ్ నంబరు, బేస్ పేరు రాసి భద్రపరిచాను. స్విచ్‌బోర్డు చుట్టూ పడే మరకలను సరిచేయడానికి అది చాలు.