నూనె చుక్కకు పొర కట్టడం: నా అనుభవం

రక్తంలో కొవ్వును తగ్గించే మందు ఫెనోఫైబ్రేట్ నీళ్లలో దాదాపు కరగదు. కరగని మందు పేగు దాటి రక్తంలోకి చేరదు. అందుకే పాతరకం ఫెనోఫైబ్రేట్‌ను భోజనంతో వేసుకోమనేవారు. తిండిలోని కొవ్వు, పిత్తరసం కలిసి దాన్ని కరిగించేవి. ఆ కరిగించే పనేదో ముందే చేద్దామన్నది నా ప్రాజెక్టు. మందును నూనెలో కరిగించి, ఆ నూనె చుక్కలకు పొర కట్టాలి.

కోయాసర్వేషన్ పద్ధతి ఎంచుకున్నాను. జెలాటిన్, అకేసియా జిగురు నీళ్లలో కరిగించి, 50 డిగ్రీల వేడిలో నూనెతో కలిపి తిప్పుతూ, ఎసిటిక్ ఆసిడ్‌తో పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను) 4 దగ్గరికి దించాలి. అప్పుడు జెలాటిన్‌కు పాజిటివ్ చార్జ్ వచ్చి, నెగటివ్ చార్జ్ ఉన్న జిగురుతో కలిసి చుక్కల మీద పేరుకుంటుంది.

మూడు వారాలు ఏమీ పేరుకోలేదు. మైక్రోస్కోప్‌లో ఎప్పుడు చూసినా ఒట్టి నూనె చుక్కలే. స్టిరర్ వేగం మార్చాను, పాళ్లు మార్చాను. నిద్ర పట్టనంత టెన్షన్. చివరికి జెలాటిన్ డబ్బా లేబుల్ సరిగ్గా చదివాను: టైప్ బి. క్షారంతో శుద్ధి చేసిన ఈ రకానికి పీహెచ్ 5 దగ్గరే చార్జ్ సున్నా అవుతుంది. 4 దానికి కూతవేటు దూరం, అక్కడ వచ్చే చార్జ్ చాలా బలహీనం. ఆమ్లంతో శుద్ధి చేసే టైప్ ఏ కైతే ఆ సున్నా 7 నుంచి 9 మధ్య ఉంటుంది.

టైప్ ఏ తెప్పించి మళ్లీ చేశాను. ప్రతి చుక్క చుట్టూ సన్నటి వలయం! ఆ సంతోషంలో బీకరును నేరుగా ఐస్‌లో పెట్టేశాను. అంతా ముద్దకట్టింది. ఆ తర్వాత నుంచి తిప్పడం ఆపకుండా, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున 10 డిగ్రీలకు దించాను. విడివిడిగా నిలిచాయి.

పొర గట్టిపడటానికి చాలామంది గ్లూటరాల్డిహైడ్ వాడతారు. కడుపులోకి వెళ్లే వస్తువులో ఆ విషం మిగిలిపోతే అన్న భయంతో నేను ట్రాన్స్‌గ్లూటమినేజ్ ఎంజైమ్ వాడాను. రాత్రంతా పట్టినా నాకు అదే నచ్చింది.

మందు ద్రవంలోకి ఎంత కరుగుతుందో చూసే డిసల్యూషన్ టెస్టులో మరో చిక్కు. 37 డిగ్రీల బఫర్‌లో (పీహెచ్ మారకుండా నిలిపే ద్రవంలో) పొర విడగానే నూనె పైకి తేలింది, మందు అందులోనే ఉండిపోయింది. ఒట్టి బఫర్‌లో నూనెను విడగొట్టేది ఏదీ లేదు కదా. ఇప్పుడు పిత్త లవణాలు, లెసిథిన్, కొవ్వును అరిగించే ఎంజైమ్ లైపేజ్ కలిపిన ద్రవంలో అదే బ్యాచ్‌ను మళ్లీ పరీక్షిస్తున్నాను.