చచ్చిన ముక్క

ఇప్పుడు కర్ర లేకుండా గట్టు మీద నడుస్తున్నాను కాబట్టి రాయగలుగుతున్నాను. అప్పట్లో "కాలెలా ఉంది?" అని ఎవరడిగినా కరిచేవాణ్ణి.

కోనసీమలో మాది లంక ఊరు. 2021 చివర్లో బండి జారి బోదెలో పడ్డాను. మోకాలి కింద పెద్దెముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది, దాన్నిండా ఒండ్రు మట్టి. కడగడం, రాడ్లు బిగించడం, తీయడం, కట్టు... అవన్నీ మామూలే. అంతా మానాక ఓ మూల చిన్న కన్నం మిగిలింది. అందులోంచి రసి. మూసుకున్నట్టే మూసుకుని మళ్ళీ కారేది. నేను చూపించుకునే డాక్టరు వెళ్ళినప్పుడల్లా యాంటీబయాటిక్ పేరు మార్చేవాడు. ఎక్స్‌రే మాట ఎత్తలేదు. "షుగరుంది కదా, అంతే మరి" అనేవాడు. అదుపులోనే ఉందని రిపోర్టు ముందు పెట్టినా, చూస్తేగా!

2022 జూలైలో వరద. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. ఊళ్ళోకి నీళ్ళొచ్చేసి, కరెంటు పోయి, అందరం డాబా ఎక్కాం. ఆ రాత్రే నాకు చలిజ్వరం. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, దుప్పటి తగిలినా కేక పెడుతున్నాను. మా ఆవిడ సెల్లు లైటు వేసి గాజుగుడ్డ విప్పింది. చీము బుడుక్కున పొంగింది. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది.

"ఏవండీ, ఏదో గట్టిగా తగుల్తోందండీ."

బియ్యపు నూకంత ఎముక. పసుపు తెలుపు రంగు, అంచులు గరగరలాడుతున్నాయి. అమ్మ అటు తిరిగి అంతర్వేది నరసింహస్వామిని పిలవడం మొదలెట్టింది. కింద నీళ్ళ హోరు. ఎముక ఇలా రాలిపోతూ ఉంటే చివరికి ఏం మిగులుతుంది? తెల్లారేదాకా నాకదే టెన్షన్.

పొద్దున్నే పడవలో దాటించారు. పెద్దాసుపత్రిలో ఓ కుర్ర డాక్టరు ఫోన్ లోంచి తల ఎత్తకుండా, "మోకాలి కింద తీసేస్తే గొడవ వదిలిపోద్ది కదా" అన్నాడు. అమ్మ పక్కనే ఉంది. తర్వాత చాలా రోజులు ఆవిడకు ముద్ద దిగలేదు. ఆ మాట నేను మర్చిపోను.

అదే ఆసుపత్రిలో ఎముకల పెద్ద డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించారు. ఎముక మధ్యలో ఓ ముక్క చుట్టూ ఉన్నదానికంటే తెల్లగా, విడిగా ఉంది. "ఇది చచ్చిపోయిన ముక్క బాబూ. చీముతో దీనికి రక్తం ఆగిపోయింది. రక్తం పోని చోటికి మాత్ర ఎలా పోద్ది? క్రిములు అందులో హాయిగా కూర్చున్నాయి." ఇంత చిన్న సంగతి అన్ని నెలలూ నాకెవరూ చెప్పలేదు! వెంటనే తీసెయ్యమన్నాను. ఒప్పుకోలేదు. చచ్చినదాని చుట్టూ శరీరం కొత్త ఎముక తొడుగులా కడుతుందట. అది గట్టిపడకుండా లోపలిది లాగేస్తే కాలు మళ్ళీ విరుగుతుందట. జ్వరం తగ్గించి, ఆగి, అప్పుడు తీశారు. ఖాళీలో మందు పూసలు పెట్టారు. చీము కల్చర్‌లో, అంటే చీములోని క్రిమిని ల్యాబులో పెంచి అదేదో కనిపెట్టే పరీక్షలో, స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమి వచ్చింది, దానికి తగ్గ సూదులు వారాల తరబడి.

తీసిన ముక్కను స్టీలు గిన్నెలో వేసి చూపించారు. అమ్మ చేతులు జోడించి, "మాకిస్తే గోదాట్లో కలుపుతామండి" అంది. నేను బతికుండగానే నా అస్థికలు! డాక్టరుగారు నవ్వకుండా, ల్యాబుకు పంపాలమ్మా అన్నారు. అమ్మ నా కోసం వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు తిరిగింది. నా కాలు నిలబెట్టింది డాక్టరా, స్వామా అంటే నేను ఇద్దరికీ దండం పెడతాను.

ఎముక విరిగినచోట రసి ఆగకపోతే ఎక్స్‌రే అడగండి, మాత్రలు మొదలెట్టకముందే చీము కల్చర్ అడగండి. కసురుకుంటే ఇంకో డాక్టరు దగ్గరికి పొండి. ఏళ్ళ తరబడి కారే పుండు ఒక్కోసారి క్యాన్సర్‌గా కూడా మారుతుంది. ఎముకలో పట్టిన ఈ చీము జబ్బు ఎన్నాళ్ళకైనా తిరగబెట్టొచ్చని పెద్దాయన నాకు దాచకుండా చెప్పారు. అందుకే కాలు కాస్త వెచ్చబడితే చాలు, రక్తపరీక్షకు పరిగెడతాను. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ.