దయారా బుగ్యాల్ నడకకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్: నా అనుభవం

హిమాలయాల్లో ఉన్న దయారా బుగ్యాల్‌కి నేనూ మా వదినా వెళ్లొచ్చాం. ఫొటోలు చూసినవాళ్లంతా దారి ఎట్లా, ఖర్చెంత అని అడుగుతున్నారు. అవన్నీ తేలికే. నన్ను ఏడిపించింది ఒక్కటే, డాక్టరు సంతకం. నాలాంటి వయసు ఆడవాళ్లు ఇంకెవరైనా బయల్దేరుతుంటే వాళ్లకి పనికొస్తుందని ఆ సంగతే ఎక్కువ రాస్తున్నాను.

ముందు ప్లాన్ చెప్పేస్తాను. ఉత్తరాఖండ్‌లో ఉత్తరకాశీ దాటాక రైథల్, బార్సు అని రెండు ఊళ్లున్నాయి. ఎక్కడి నుంచైనా పైకి దారి ఉంది. సగానికి పైగా ఓక్ చెట్ల అడవి, ఆ తర్వాత చెట్లు ఆగిపోయి పచ్చిక బయళ్లు మొదలవుతాయి. ఆ బయళ్లనే అక్కడ బుగ్యాల్ అంటారు. వాటి మీద రాత్రి మకాం వేయకూడదని 2018లో ఆ రాష్ట్ర హైకోర్టు ఆదేశించింది. అందుకే తెల్లారకముందే ఎక్కడం మొదలుపెట్టి, చీకటి పడేలోపు ఊళ్లోకి దిగేలా పెట్టుకున్నాం. వానలు వెనకబట్టి ఆకాశం తేటగా ఉంటుందని అక్టోబరు ఎంచుకున్నాం. నెల్లూరులో జీటీ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కి ఢిల్లీ, అక్కడినుంచి డెహ్రాడూన్, ఆపైన జీపు. టికెట్లు మా తమ్ముడు చూసుకున్నాడు. అలవాటు కోసం నరసింహకొండ మెట్లు ఎక్కాం. ఉదయగిరి దుర్గం కూడా ఎక్కాం. అది ఎక్కి దిగినవాళ్లకి మోకాళ్ల సంగతి ముందే తెలిసిపోతుంది.

ఇక ఫిట్‌నెస్ ఫారం. మమ్మల్ని తీసుకెళ్లేవాళ్లు పంపారు. బీపీ, పల్స్, ఎత్తు, బరువు, పాత జబ్బులు రాసి, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరుతో సీలు వేయించాలి. అడగడం న్యాయమే. మనం సముద్రం పక్కన బతికేవాళ్లం. ఆ బయళ్ల పైభాగం 3,400 మీటర్లు దాటుతుంది, అక్కడ గాలి పీడనం ఇక్కడి దాంట్లో సుమారు మూడింట రెండొంతులే. 2,500 మీటర్లు దాటాక కొందరికి తలనొప్పి, వికారం మొదలవుతాయి.

ఆ ఫారం పట్టుకుని ఒక పెద్దాసుపత్రికి వెళ్లాను. ఓపీ చీటీ తీసుకుని పొద్దుటినుంచి నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి డాక్టరు ఫారం చదివి, హాలంతా వినపడేలా, "ఏందమ్మా, ఈ వయసులో కొండలెక్కి ఏం సాధిద్దామని? పుణ్యం కావాలంటే తిరుమలకి పో. మీ ఆయన్ని తీసుకురా, ఆయన ఒప్పుకుంటే అప్పుడు చూద్దాం" అన్నాడు. నర్సు నవ్వింది. వెనక వరసలో వాళ్లూ నవ్వారు. ఆ వరసలో నేను ఏడో తరగతిలో పాఠం చెప్పిన పిల్లాడు ఒకడు ఉన్నాడు. వాడు తల దించుకున్నాడు. ఆ క్షణం నేను మర్చిపోలేను.

అట్లా నిలబెట్టే, జాకెట్టు చెయ్యి మీదుగానే పట్టీ చుట్టి బీపీ చూశారు. 156/94 వచ్చింది. ఇంకో మాట లేకుండా ఓపీ చీటీ మీద ఎర్ర ఇంకుతో అన్‌ఫిట్ అని రాసి చేతిలో పెట్టాడు. మళ్లీ ఒకసారి చూడండి సార్ అంటే, "నెక్స్ట్" అన్నాడు.

ముప్పై ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. ఇద్దరు పిల్లల్ని చదివించాను. ఇంటికి లోన్ తీసుకున్నప్పుడు నా సంతకం బ్యాంకుకి చాలింది. నా కాళ్లతో నేను నడవడానికి మాత్రం మా వారి అనుమతి కావాలా? మా వారు విని నాకంటే ఎక్కువ మండిపడ్డారు.

ఆ ఆసుపత్రి బయటే సర్టిఫికెట్లు అమ్మేవాడొకడు దొరికాడు. "మూడొందలు ఇవ్వండి మేడం, మనిషి కూడా రానక్కర్లేదు, ఆధార్ జిరాక్స్ చాలు" అన్నాడు. మా వదిన ఇచ్చేద్దాం అంది. నేను ఒప్పుకోలేదు. దీని మీద ఇద్దరికీ మాటామాటా పెరిగింది కూడా. నిజంగా పైన ఏదైనా అయితే ఆ సీలు నన్ను కిందికి మోసుకొస్తుందా? ఆ కాగితం నమ్మి నన్ను నడిపించే కుర్రాడి సంగతేంటి? ఇంకో చోట సర్టిఫికెట్ కావాలంటే మొత్తం బాడీ చెకప్ ప్యాకేజీ తీసుకోవాలన్నారు. ఆ ధర చెప్పగానే లేచి వచ్చేశాను.

చివరికి మా వదినవాళ్ల ఊరు కనిగిరి వెళ్లాం. అక్కడ వాళ్లింట్లో అందరికీ చూసే డాక్టరు ఒకాయన ఉన్నారు. కాఫీ తాగి ఎంతసేపైంది అని మొదట అడిగారు. కుర్చీలో వీపు ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమన్నారు. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టించి, రెండు చేతులకీ చూశారు. 132/84. నిలబెట్టి, అవమానించి, బట్ట మీద చూస్తే ఎవరికైనా పెరుగుతుందమ్మా అన్నారు. ఈసీజీ తీయించారు. మెట్లు ఎక్కించి పల్స్ చూశారు. సల్ఫా మందులు పడకపోవడం ఉందా అని అడిగారు. ఎత్తు మీద వచ్చే తలనొప్పి, వికారం రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి మేం అడిగితే, పక్కవాళ్లు వేసుకుంటున్నారని మింగొద్దని, రైథల్‌లో రెండు రాత్రులు పడుకుని శరీరాన్ని అలవాటు పడనివ్వడం ముఖ్యమని చెప్పారు. తలనొప్పి తగ్గకపోతే పైకి ఒక్క అడుగు కూడా వేయకుండా దిగిపొమ్మన్నారు. ఫీజు మామూలు ఫీజే తీసుకున్నారు.

నడక సంగతి: మేమిద్దరం పైదాకా ఎక్కాం. బందర్‌పూంఛ్ మంచు శిఖరం ఎదురుగా తెల్లగా కనిపించింది. మాతో వచ్చిన ఢిల్లీ కుర్రాళ్లలో ఇద్దరు అడవి దాటకుండానే వెనక్కి తిరిగారు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

వెళ్లేవాళ్లు ఫారం రెండు కాపీలు తీసుకెళ్లండి, కొట్టివేతలుంటే ఒప్పుకోరు. సర్టిఫికెట్ తేదీ ఎంత దగ్గరగా ఉండాలో ముందే అడగండి. మీకు మొదటినుంచీ చూసే డాక్టరు దగ్గరికే వెళ్లండి, పెద్ద బోర్డు చూసి మోసపోకండి. బీపీకో షుగరుకో మందులు వాడుతుంటే ఆ చీటీ కూడా జిరాక్స్ తీసి ఫారానికి పిన్ చేయండి. రైథల్‌లో మా గైడు సీలు కంటే ముందు అదే అడిగాడు.