చీనీ తోట వైపు పోని బాలు

ఈరోజు ఆదివారం. పొద్దున్నే ఎండ ఎక్కకముందే గార్లదిన్నె దగ్గర మా అక్కోళ్ల చేనుకి పోయినా. బుడ్డలు (వేరుశనగ) పెరికేసినాక చేనంతా ఖాళీగా ఉంది, ఎర్రమట్టి గట్టిపడింది, మ్యాట్ పరుచుకుని గోల్ఫ్ బాల్స్ కొట్టుకోడానికి అనంతపురం చుట్టుపక్కల ఇంతకంటే మంచి జాగా నాకైతే దొరకలేదు. కోర్సులో ఆడాలంటే బెంగుళూరు పోవాల, 200 కిలోమీటర్ల పైనే, అందుకే మామూలు రోజుల్లో మిద్దె మీద కట్టుకున్న నెట్‌లోనే కొడతా. కానీ నెట్‌లో బాలు గాల్లో ఎట్ల తిరుగుతాందో కనపడదు కదా, స్లైస్ పోయిందా, అంటే గాల్లో కుడికి వంగిపోయిందా, లేదా తెలియాలంటే బాలుని పోనిచ్చి చూడాల్సిందే.

చేనుకి కుడిపక్క చీనీ (బత్తాయి) తోట ఉంది. నా డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర) షాట్లు నేరుగా పోతున్నట్టే బయల్దేరి, సగం దూరం పోయినాక కుడికి వంగి ఆ తోట వైపే పోయేవి, ఏండ్ల నుంచి ఇంతే. దీనికోసం నేను వినని సలహా లేదు. నడుం ముందు తిప్పు, కుడి మోచెయ్యి ఒంటికి ఆనించుకో, కుడి భుజం ముందుకి రానీకు, బరువు ఎడమ కాలి మీదికి తీసుకురా... ఇవన్నీ తప్పని నేను అనను, కానీ క్లబ్ పైనుంచి బాలు దాకా దిగేదానికి సుమారు పావు సెకను పడుతుంది, ఆ పావు సెకనులో ఇన్ని గుర్తుపెట్టుకుని చెయ్యడం ఎవరివల్ల అవుతుంది?

పోయినసారి బెంగుళూరులో ఒక పెద్దాయన క్యాడీగా (ఆటగాడి బ్యాగ్ మోసే మనిషి) వచ్చినాడు, కుప్పం వైపు ఆయన, తెలుగులోనే మాట్లాడినాడు. కాసేపు నా ఆట చూసి, "సార్, అవన్నీ పక్కన పెట్టండి, ఎడమ చెయ్యి కొంచెం కుడికి తిప్పి పట్టుకోండి, పైనుంచి చూస్తే రెండు మూడు మెటికలు కనపడాల, అంతే" అన్నాడు. నేను పట్టుకునే పద్ధతిలో ఒక్క మెటికే కనపడేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పడే గీత కుడి భుజం వైపు చూడాలన్నాడు, రెండు చేతులకీ అదే లెక్క. ఈ మార్పు స్వింగ్ మొదలు కాకముందే అయిపోతుంది, తర్వాత గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ ఉండదు, నాకు అదే బాగా నచ్చింది.

ఈరోజు మా అక్క కొడుకు కూడా వచ్చినాడు బాల్స్ ఏరుతానని, వాడు క్రికెట్ ఆడతాడు. వానికి చెప్పినా, నువ్వు బ్యాట్ ఫేస్ తెరిచి ఆడితే బాలు పాయింట్ వైపు పోదా, ఇది కూడా అట్లాంటిదే అని. అట్లాంటిదే కానీ గోల్ఫ్‌లో ఇంకో చిక్కుంది, బాలు క్లబ్ ఫేస్ (బాలుకి తగిలే పక్క) చూసే వైపుకి దాదాపుగా బయల్దేరుతుంది, క్లబ్ వచ్చే దారితో పోలిస్తే ఫేస్ కుడికి తెరుచుకుని ఉంటే గాల్లో కుడికి వంగుతుంది. అది కుడికి పోతాంది కదా అని మనం ఎడమకి గురిపెట్టి బయటినుంచి లోపలికి లాగి కొడతాం, దాంతో ఆ తేడా ఇంకా పెరిగి ఇంకా వంగుతుంది. డ్రైవర్‌తోనే ఎక్కువ కనపడేది ఎందుకంటే దాని లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) పది డిగ్రీల చుట్టుపక్కలే, దగ్గరి దూరానికి వాడే వెడ్జ్‌కి లాఫ్ట్ ఎక్కువ కాబట్టి బ్యాక్‌స్పిన్ (బాలు వెనక్కి తిరగడం) ఎక్కువై అదే తప్పు సగం దాక్కుంటుంది.

ముందు 7 ఐరన్ (మధ్య దూరానికి వాడే క్లబ్) తీసినా. కొత్త పట్టు చేతికి అసలు కుదరదు, క్లబ్ ఎవరిదో అనిపిస్తుంది. మొదట కొట్టినవి అన్నీ ఎడమకి పోయినాయి. మావాడు దూరం నుంచి అరుస్తాన్నాడు, "మామా, ఇప్పుడు ఎడమకి పోతాంది!" అని. నాకు మాత్రం ఎంత సంతోషమైందో చెప్పలేను, ఎందుకంటే ఎడమకి పోయినా వంగకుండా పోతాంది, అంటే ఫేస్ సరిగ్గా వస్తాంది, నేను లాగే దారి ఒక్కటే పాతది మిగిలింది. ఇక ఎడమకి గురిపెట్టే అవసరం లేదు కదా, పాదాలు, భుజాలు నేరుగా పెట్టి కొడుతూ పోయినా, నడుం గురించి గానీ మోచెయ్యి గురించి గానీ ఒక్క ముక్క ఆలోచించలేదు, మెల్లగా దారి కూడా దానంతట అదే సర్దుకునింది. తర్వాత డ్రైవర్. చేను నడిమధ్యలో, చివర గట్టు దాటి, నేరుగా! చానా ఏండ్లకి చూసినా అట్లాంటి బాలు, క్లబ్ అట్లనే పైకి పట్టుకుని నిలబడిపోయినా.

ఇది అందరికీ పనికొచ్చే మందు కాదు, అది కూడా రాసుకోవాల. 9 మేజర్లు (గోల్ఫ్ లో అన్నిటికంటే పెద్ద పోటీలు) గెలిచిన అమెరికా ఆటగాడు బెన్ హోగన్‌కి దీనికి సరిగ్గా ఎదురు బాధ, ఆయన బాలు ఎడమకి హుక్ అయ్యేది, అందుకే ఆయన ఎడమ చెయ్యి ఎడమవైపుకి తిప్పుకున్నాడు. ఆ పట్టు స్లైస్ ఉన్నోళ్లు పట్టుకుంటే ఇంకా చెడుతుంది. సలహా ఎవరు ఏ బాధలోంచి చెప్పినారో చూసుకోకుండా తీసుకోకూడదనేది నా గట్టి నమ్మకం.

చివర్లో కొన్ని బాల్స్ ఎడమకి వంగినాయి, చూసుకుంటే నాలుగు మెటికలు కనపడతాన్నాయి, ఎక్కువ తిప్పేసినా. ఇంటికొచ్చినాక గ్లవ్ మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి పెట్టినా, పట్టు ప్రతిసారి అక్కడికే రావాలని. ఈ వారమంతా మిద్దె మీద ఐరన్‌తోనే, డ్రైవర్ మళ్లీ ఆదివారమే తీస్తా.