గ్లాసు చప్పుడు

నిద్ర రావడం లేదు. సాయంత్రం అమ్మ మంచం పక్కనున్న స్టూలు మీద నేను నీళ్ల గ్లాసు పెట్టిన చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. పెట్టాననడం కూడా సరికాదు, కొట్టాను. నీళ్లు మాత్రల డబ్బా మీద చిందాయి. దుప్పటి మీదున్న చేతిని అమ్మ మెల్లగా లోపలికి లాక్కుంది. జరిగింది అంతే. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

"మీ నాన్న ఇంకా రాలేదేం?" అని అప్పటికి ఆమె అడగడం పదకొండోసారి. నాన్న పోయి ఆరేళ్లయింది. జ్ఞాపకశక్తి తగ్గినవాళ్లలో కొందరికి పొద్దు వాలేసరికి కంగారు, వెతుకులాట పెరుగుతాయని, దాన్ని సన్‌డౌనింగ్ అంటారని, అడిగిన ప్రతిసారీ నిజం చెప్పి కొత్తగా ఏడిపించడం కంటే మాట మళ్లించడం మేలని డాక్టరు చెప్పి ఏడాది దాటింది. తొమ్మిదిసార్లు మళ్లించాను. పదోసారి "వస్తారులే" అన్నాను. పదకొండోసారి నాకు బదులు గ్లాసు జవాబు చెప్పింది.

అసలు కోపం అమ్మ మీద కాదు. అంతకు గంట ముందు తమ్ముడు ఫోన్ చేసి, "అమ్మను నీలా ఎవరూ చూసుకోలేరక్కా, నీ ఓపికకు దండం పెట్టాలి" అన్నాడు. ఓపిక అనే ఆ మాట వింటే ఈమధ్య నాకు ఒళ్లు మండుతోంది. అదేదో నాకు పుట్టుమచ్చలాగా పుట్టుకతోనే వచ్చినట్టు, ఎంత వాడినా తరగనట్టు మాట్లాడతారు. దండం పెట్టించుకున్న మనిషికి ఇక సాయం అడగడానికి నోరెలా వస్తుంది? రాత్రి రెండుసార్లు అమ్మ లేపుతుంది, మూడోసారి ఒళ్లంతా ఆవిర్లు పుట్టి చెమటతో నేనే లేస్తాను. ముట్లు ఆగే వయసూ, కన్నవాళ్లు పసిపిల్లలై మన చేతికొచ్చే వయసూ ఒకేసారి రావాలని ఎవరు రాసిపెట్టారో తెలియదు. ఈ సంగతులేవీ వాడు అడగడు. అమ్మ బీపీ ఎంతుందో అడుగుతాడు, నేను అంకె చెబుతాను, "అమ్మయ్య" అని పెట్టేస్తాడు.

ఆ చప్పుడు నేను ముందెప్పుడో విన్నానని పడుకున్నాక గుర్తొచ్చింది. నాకప్పుడు పన్నెండేళ్లు. నానమ్మ మంచంలో ఉండేది. ఒకరోజు అమ్మ గిన్నెను నేలకేసి గట్టిగా పెట్టి, వెళ్లి వెనక గుమ్మంలో బయటికి తిరిగి కూర్చుంది. లెక్క చెప్పించుకుందామని నేను పుస్తకం పట్టుకుని వెళితే, తల తిప్పకుండానే "నేనిప్పుడు ఇంట్లో లేను" అంది. అదేదో ఆట అనుకుని, అమ్మ ఇంట్లో లేదట అంటూ నవ్వుతూ గదులన్నీ తిరిగాను. కాసేపటికి ఆమె లేచి వచ్చి, ఒలికిన నీళ్లు తుడిచి, నానమ్మ కాళ్ల దగ్గర పాత కాగితం పరచి గోళ్లు తీయడం మొదలుపెట్టింది. ఒక్కొక్క వేలూ పట్టుకుని, గోరు తీసి, అంచు తన బొటనవేలితో తడిమి చూసుకుని, తర్వాతి వేలికి వెళ్లేది. ఎంత ఓపికో అని నాన్న అందరికీ చెప్పేవారు. గుమ్మంలో కూర్చున్న సంగతి ఆయనకు తెలియదు, నేనూ చెప్పలేదు.

లేచి, డాక్టరు ఇచ్చిన జరిట్ ప్రశ్నావళి కాగితం ముందేసుకున్నాను. సంరక్షకుల మీద పడే భారాన్ని అంచనా వేయడానికి స్టీవెన్ జరిట్, ఆయన సహచరులు 1980లో దీన్ని 29 ప్రశ్నలతో తయారుచేశారట. ఇప్పుడు ఎక్కువగా వాడేది 22 ప్రశ్నలది. ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు, మొత్తం 88. ఆ మనిషి దగ్గరున్నప్పుడు కోపం వస్తుందా అన్నదానికి 3 వేశాను. ఆమెకు ఇంకా ఎక్కువ చేయాల్సిందనిపిస్తుందా అన్నదానికి నిస్సందేహంగా 4. రెండూ ఒకే మనిషి వేసిన మార్కులంటే నమ్మేలా లేవు. ఈ బాధ్యతను వేరొకరికి వదిలేస్తే బాగుండుననిపిస్తుందా అన్న ప్రశ్న దగ్గర కలం ఆగిపోయింది.

ఎందుకంటే పోయిన ఏడాది తమ్ముడు పదిహేను రోజులు సెలవు పెట్టి వస్తానన్నాడు. "నీ వల్ల కాదురా, పొద్దుటి మాత్రలూ రాత్రి మాత్రలూ కలిపేస్తావు" అని నేనే వద్దన్నాను. పైకి మాత్రల సాకు చెప్పాను గానీ, వాడు బాగానే చూసుకుంటే నా గొప్ప ఏమవుతుందోనన్న దిగులు కూడా లోపల ఉండి ఉంటుంది. ఓపిక అన్న మాట మీద ఇంతసేపు చిందులు తొక్కాను, దాన్ని ఎవరికీ పంచకుండా దాచుకున్నదీ నేనే. అయినా, వద్దనగానే సరేనని ఊరుకోవడమేమిటి? రెండోసారి అడిగి ఉండొచ్చు కదా!

ఆ ప్రశ్నకు 2 వేసి, కాగితం మడిచి పెట్టాను. తమ్ముడికి "వచ్చే నెల పదిహేను రోజులు రా" అని టైపు చేశాను. కానీ పంపలేదు. మాత్రల డబ్బాలో ఏ గడిలో ఏది వేయాలో ముందుగా ఒక కాగితం మీద రాసి ఉంచాలి.