ఊళ్ళో లేనివాళ్ళం

పదకొండు దాటింది, పొద్దున్నే లేవాలి, అయినా నిద్ర పట్టడం లేదు. ఎదురింటి పిన్నిగారి మాట కడుపులో పెట్టుకుని పడుకోలేక ఇక్కడ కక్కేస్తున్నాను.

ఇవాళ వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. కథ అయిపోయి ప్రసాదాలు పంచుతుండగా ఎవరో 2022 మేలో కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టొద్దని మా అమలాపురంలో జరిగిన గొడవల సంగతి ఎత్తారు. ఇంకేముంది, ఒక్కొక్కరూ వాళ్ళ వాళ్ళ కథ మొదలుపెట్టారు. గడియారస్తంభం దగ్గర ఎలా ఉంది, కలెక్టరేట్ దగ్గర రాళ్ళు ఎలా పడ్డాయి, మంత్రిగారి ఇల్లు తగలబడినప్పుడు పొగ ఎంత దూరం కనిపించింది. నేను బస్సుల గురించి ఏదో అనబోయాను. పిన్నిగారు నా చేతిలో ప్రసాదం పెడుతూ, "నువ్వప్పుడు ఊళ్ళో ఎక్కడున్నావే అమ్మాయ్, అండమాన్‌లో చేపలతో ఆడుకుంటున్నావు కదా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకే ఎక్కువ మండుతోంది.

అసలు మేం పారిపోయామా ఏమన్నానా, ముందే అనుకున్న ప్రయాణం అది. టికెట్లు ఏప్రిల్లోనే తీసుకున్నాం. ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చి అమలాపురం జిల్లా కేంద్రం అయిందని అందరం సంబరపడుతున్న రోజులవి, గొడవలొస్తాయని ఎవరనుకున్నారు? మే 18న జిల్లా పేరుకి ముందు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ అని చేరుస్తామని నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో చెప్పమన్నారు. చెప్పేవాళ్ళు కాగితం మీద రాసి చెప్పొచ్చు. జిల్లాకి ఆయన పేరు పెడితే కొబ్బరికాయ ధర పడిపోతుందా, కాలువలో నీళ్ళు ఆగిపోతాయా? ఈ మాట అప్పుడే ఇంట్లో అంటే ఈయన "బయట అనకు" అన్నారు. ఇవాళా బయట అనలేదు, ఇక్కడ అంటున్నాను.

అండమాన్‌కి మేలో ఎవరైనా వెళతారా అని మీరడగొచ్చు. పిల్లకి సెలవులు అప్పుడే కదా. పైగా గదులు చవగ్గా దొరికాయి. ఎందుకు చవకో వెళ్ళాక తెలిసింది. ఆ ఏడు మే 16కే నైరుతి రుతుపవనాలు అక్కడికి దిగాయి. రోజూ ఏదో ఒక పూట వాన, ఫెర్రీ నడుస్తుందో లేదో అని రోజూ టెన్షన్.

మే 24 పొద్దున హేవ్‌లాక్ దీవిలో నీమో రీఫ్ అనే పగడపు దిబ్బ దగ్గర మా స్కూబా డైవింగ్. ఈయనకి ఈత రాదు. ఇన్ని కాలువల మధ్య పుట్టి ఈత రాని మనిషి ఈయనొక్కరేనేమో. అయినా ఇన్‌స్ట్రక్టర్ వెనకాల సిలిండర్ పట్టుకుని తనే తీసుకెళతాడు కాబట్టి ఫరవాలేదన్నారు. చిత్రమేమిటంటే ఇబ్బంది పడింది నేను. చిన్నప్పుడు కాలువలో మునిగినప్పుడల్లా నాన్న నేర్పింది ఒకటే, ఊపిరి బిగపట్టు అని. ఇక్కడ మొదటి రూలే ఊపిరి ఎప్పుడూ బిగపట్టకూడదని. బిగపట్టి పైకి లేస్తే ఒత్తిడి తగ్గిన కొద్దీ ఊపిరితిత్తుల్లో గాలి ఉబ్బి ప్రాణం మీదికొస్తుందట. బుర్రకి తెలుసు, ఒంటికి తెలియదు. ఆ రబ్బరు ముక్క నోట్లో పెట్టుకుని నీళ్ళలో తల ముంచగానే టక్కున ఊపిరి ఆపేస్తున్నాను. ఆ కుర్రాడు వేలితో నా భుజం మీద తడుతూ, పీల్చు, వదులు అని సైగలు చేస్తూనే ఉన్నాడు. ఇంకా చెవులు. కొంచెం దిగగానే చెవుల్లో పోటు, ముక్కు మూసుకుని గాలి ఊదితే టప్‌మని విడిపోతుంది, మళ్ళీ కొంచెం దిగితే మళ్ళీ పోటు. బాగుందని బొటనవేలు పైకెత్తాను, అతను వెంటనే నన్ను పైకి తీసుకెళ్ళిపోయాడు. నీళ్ళలో ఆ సైగకి అర్థం అదేనట, పైకి పోదామని. బాగుందనడానికి వేళ్ళు గుండ్రంగా చుట్టి చూపించాలి. మా అమ్మాయి ఇప్పటికీ దీని మీద నన్ను ఏడిపిస్తుంది.

వానలకి నీళ్ళు కొంచెం మసగ్గానే ఉన్నాయి. అయినా ఒక చిలకచేప, అరచేయంత, నీలం ఆకుపచ్చ కలిసిన రంగు, నా మొహానికి మూరెడు దూరంలో పగడపు దిబ్బని కొరుకుతోంది. కొరికిన చప్పుడు వినిపించింది! నీళ్ళలో అంత స్పష్టంగా వినపడుతుందనుకోలేదు, కటకటా పటికబెల్లం నమిలినట్టు. కొరికి, కాసేపటికి వెనకనుంచి తెల్లటి ఇసక పొడి వదిలేసి పోయింది. అక్కడి తెల్లటి ఇసకలో చాలా భాగం ఇదేనని పైకొచ్చాక ఇన్‌స్ట్రక్టర్ చెప్పాడు. మా అమ్మాయి ఆ రోజంతా బీచ్‌లో కూర్చోనంది.

సరే, ఆ మధ్యాహ్నమే ఈయన నా ఫోటో ఒకటి, కళ్ళద్దాల మాస్కు, బుగ్గలు ఉబ్బిపోయి, వాట్సాప్ స్టేటస్ పెట్టారు. అప్పటికింకా ఊళ్ళో ఏమీ జరగలేదు. అక్కడ ఐదున్నరకల్లా పొద్దు వాలిపోతుంది. చీకటి పడుతుంటే ఫోన్లు మొదలయ్యాయి. ఇక్కడింకా ఎండ ఉండగానే బస్సులు కాలుతున్నాయి. మేం గదిలో లైటు వేసుకుని మంచం మీద ముగ్గురం ఒక్క ఫోన్లో చూస్తూ కూర్చున్నాం. మంత్రి విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు. రోజూ నడిచే రోడ్లు, పోల్చుకోలేకపోయాను.

పిన్నిగారికి ఆ స్టేటస్ సంగతి ఎలా తెలిసిందంటారా? ఊళ్ళో నెట్ ఆపేశారు కదా, హైదరాబాద్‌లో ఉన్న వాళ్ళబ్బాయి చూసి ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆవిడ మర్నాడు పొద్దున నాకు ఫోన్ చేసి, "ఊరు తగలబడిపోతుంటే అక్కడేం చేస్తున్నారే, వచ్చేయండి" అన్నారు. ఎలా వస్తాం? డైవింగ్ చేశాక వెంటనే విమానం ఎక్కకూడదు. లోతులో ఒత్తిడికి నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది, అది నెమ్మదిగా బయటికి పోవాలి, ఈలోపే పైకెగిరితే రక్తంలో బుడగలు కడుతుంది. ఒక్క డైవ్‌కైతే 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగమంటారు. ఇదంతా చెబితే ఆవిడ, "నీళ్ళలోకి ఎందుకు దిగారు మరి" అన్నారు. దీనికేం చెబుతాం. నిజానికి ఆ గంటలు గడిచాక కూడా మేం రాలేదు, అనుకున్న రోజుకే వచ్చాం. 144 పెట్టారు, బస్సుల్లేవు, వచ్చి ఇంటికెలా చేరతాం?

అసలు మంట ఇది. దాదాపు రెండు వారాలు కోనసీమలో నెట్ లేదు. మా మరిది ఆఫీసు పని కోసం లాప్‌టాప్ పట్టుకుని ఎదురులంక వంతెన దాటి యానాం పోయేవాడు. సముద్రం అడుగున చెన్నై నుంచి 2020లో వేసిన కేబుల్ పుణ్యమా అని హేవ్‌లాక్‌లో మాకు నెట్ వస్తోంది, అమలాపురంలో రావడం లేదు. దాంతో వీధి మొత్తానికి నేనే వార్తలు. "రావులపాలెం దగ్గర బస్సులు ఆపేస్తున్నారంటగా, అల్లుడుగారు బయల్దేరొచ్చా, కాస్త చూసి చెప్పవే" అని అడిగింది ఎవరు? ఈ పిన్నిగారే. వానలో సిగ్నల్ కోసం వరండాలో అటూ ఇటూ తిరుగుతూ చూసి చెప్పాను. ఇవాళ అదే మనిషి నలుగురిలో నాకేమీ తెలియదన్నట్టు మాట్లాడితే ఒళ్ళు మండదా?

ఇదంతా రాత్రి అన్నం తింటూ అత్తయ్యతో అంటే, "నీకు తెలిసింది ఫోన్లోదే కదే" అంది. అంటే? అంటే మా పనిమనిషి మంగ సంగతి. ఆ గొడవ తర్వాత మంగ పనికి రాలేదు. ఎందుకు రాలేదో అత్తయ్యకి తెలుసు, వాళ్ళ పేటలో మగాళ్ళు రాత్రంతా మేలుకుని కాపలా కూర్చున్నారని ఆనోటా ఈనోటా విన్నది. వచ్చిన రోజు గిన్నెలు తోముతుంటే అత్తయ్య ఏమీ అడగలేకపోయిందట, మంగ ఏమీ చెప్పలేదట. కాఫీ ఇస్తే తాగి గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయిందట. నేనొచ్చాక దాని కూతురికి గవ్వల గొలుసు ఇచ్చి, అంతా బాగున్నారా అని పలకరించిన గుర్తు. "బాగున్నామండీ" అంది.

అప్పుడు తట్టింది, నన్ను గుచ్చుతున్నది పిన్నిగారి మాటొక్కటే కాదని. వాళ్ళింట్లోనూ మంగే చేస్తుంది. హాల్లో ఆ కబుర్లు జోరుగా సాగుతుంటే ఎంగిలి విస్తళ్ళు తీయడానికి మంగ వచ్చింది. అందరూ గొంతు తగ్గించేశారు. ఒకావిడ వెంటనే చీర గురించి ఎత్తుకుంది. మంగ విస్తళ్ళు తీసుకుని వెళ్ళగానే మళ్ళీ బస్సులు, పొగ, రాళ్ళు. ఊళ్ళో ఉన్నవాళ్ళందరూ తలుపులేసుకుని లోపల కూర్చున్నవాళ్ళే, చెప్పేదంతా సాహసగాథలా. ఆ పేరు తమదనుకున్న వాళ్ళకి ఆ రాత్రి ఎలా గడిచిందో ఆ హాల్లో ఎవరికీ అక్కర్లేదు. హేవ్‌లాక్‌ని 2018లో స్వరాజ్ ద్వీప్ అన్నారు, పోర్ట్ బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయపురం అన్నారు, ఎవరి ఇల్లూ కాలలేదు. ఇంగ్లీషువాళ్ళ పేర్లు పోయినా మనకేం పట్టదు మరి.

పిన్నిగారి మీద కోపం తగ్గిందా అంటే లేదు, ఇప్పుడు ఇంకో కారణానికి పెరిగింది. అయితే గొంతు తగ్గించినవాళ్ళలో నేనూ ఉన్నానుగా.

మా అమ్మాయేమో ఈసారి సర్టిఫికెట్ కోర్సే చేస్తానంటోంది, దాంతో 18 మీటర్ల దాకా దిగనిస్తారట. ఫీజు చూసి ఈయన దాళ్వా పంట డబ్బులు రానీ అన్నారు. మంగని ఇప్పుడైనా కూర్చోబెట్టి అప్పటి సంగతి అడగనా అని ఈయన్ని అడిగాను. "ఇన్నేళ్ళకి ఇప్పుడేం అడుగుతావు, ముందు జీతం పెంచు" అన్నారు. దసరాకి అడిగింది పాపం. అత్తయ్య సంక్రాంతికి చూద్దామంది. రేపు ఆ సంగతి తేల్చాలి, అత్తయ్యతో ఇంకో గొడవ.