ఎం.ఏ. సోషియాలజీ డిసర్టేషన్: 120 ఇళ్ల సర్వే, నా అనుభవం

నాలుగో సెమిస్టర్ డిసర్టేషన్‌కు నేను తీసుకున్న అంశం: పొదుపు సంఘాల మహిళలు బ్యాంకు అప్పును దేనికి వాడుతున్నారు? తెలంగాణలో ఒక ఊరు, 30 సంఘాలు, 360 మంది సభ్యులు. అందులో 120 మందితో ఇంటర్వ్యూ. ఫిబ్రవరిలో మొదలుపెట్టి ఏప్రిల్ చివరికి బైండింగ్ చేయించాలి. ఈసారి ఎవరైనా ఇదే పనికి దిగుతుంటే పనికొస్తుందని, ఎక్కడెక్కడ తప్పులు దొర్లుతాయో రాస్తున్నాను. చాలా తప్పులు ఊరికి బయలుదేరకముందే కాగితం మీద జరిగిపోతాయి. తర్వాత ఎంత తిరిగినా అవి సర్దుకోవు.

ముందు ఆ 120 సంగతి. డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో పాత డిసర్టేషన్లు తిరగేస్తే 100, 120, 150 అనే అంకెలే కనిపిస్తాయి. వైవాలో (చివరి మౌఖిక పరీక్షలో) మొదటి ప్రశ్న కూడా దీని మీదే: ‘120 ఎందుకు?’ చాలామంది యమానే సూత్రం చెబుతారు. ఎంతమందిని అడగాలో తేల్చే సూత్రం అది: మొత్తం సంఖ్యను అనుమతించే పొరపాటు వర్గంతో గుణించి, ఒకటి కలిపి, వచ్చినదానితో మొత్తం సంఖ్యను భాగించాలి. 360 మందికి 5 శాతం పొరపాటుతో వేస్తే 360ని 1.9తో భాగించాలి, అంటే 190 మంది కావాలి. 120 రావాలంటే పొరపాటును దాదాపు 7.5 శాతం దాకా ఒప్పుకోవాలి. సూత్రం పేరు రాసి, 5 శాతం అని రాసి, కింద 120 అని వేస్తే పరీక్షకుడు క్యాలిక్యులేటర్ తీసిన మరుక్షణం దొరికిపోతాం. నేను మా గైడ్ సలహాతో ఉన్నది ఉన్నట్టు రాశాను: ఒక్కరే చేసే పని, 20 రోజుల ఫీల్డ్‌వర్క్, రోజుకు 6 ఇంటర్వ్యూలు, అందుకే 120, అందువల్ల పొరపాటు అవధి ఇంత. దాని మీద ఎవరూ గుచ్చి అడగలేదు.

సభ్యుల జాబితా గ్రామ సంఘం (ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన సంఘం) దగ్గర దొరుకుతుంది. డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో బోనఫైడ్ లెటర్ ఒకటి గ్రామ సంఘం పేరిట, ఒకటి పంచాయతీ కార్యదర్శి పేరిట తీసుకెళ్లాలి. ‘సంబంధిత అధికారులకు’ అని రాసిన లెటర్‌ను ఎవరూ తమదనుకోరు, పక్కవాళ్ల దగ్గరికి పొమ్మంటారు. రికార్డులు రాసే వీవోఏను (గ్రామ సంఘం సహాయకురాలిని) ముందు కలిస్తే సగం పని అయినట్టే. ఊళ్లో సంఘాన్ని ఇప్పటికీ డ్వాక్రా అనే పిలిచేవాళ్లు ఉన్నారు. 1982లో వచ్చిన పథకం పేరు అది. షెడ్యూల్లో, అంటే మన ప్రశ్నల కాగితంలో, ‘స్వయం సహాయక బృందం’ అని అచ్చువేసుకుని పోతే మొదటి ప్రశ్నకే ‘అదేంది?’ అంటారు.

ఇక జాబితాలోంచి పేర్లు తీయడం. 360ని 120తో భాగిస్తే 3. ప్రతి మూడో పేరు తీసుకుంటే సరి, సిస్టమాటిక్ శాంప్లింగ్ అయిపోయినట్టే అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఆ జాబితా సంఘాల వారీగా ఉంటుంది, దాదాపు ప్రతి సంఘంలో 12 మంది, ప్రతి సంఘంలోనూ మొదటి పేరు అధ్యక్షురాలిది, రెండోది రెండో లీడర్‌ది. ఒకటో పేరుతో మొదలుపెడితే ప్రతి సంఘంలో 1, 4, 7, 10 వస్తాయి. అంటే 30 మంది అధ్యక్షురాళ్లూ నమూనాలోకి వచ్చేస్తారు. జాబితాలో వాళ్లు పన్నెండింట ఒక వంతే, మన నమూనాలో నాలుగో వంతు. మూడో పేరుతో మొదలుపెడితే లీడర్ ఒక్కరూ రారు. అప్పు వాడకం గురించి అడిగేటప్పుడు ఇది చిన్న తేడా కాదు. బ్యాంకుకు తిరిగేది, పుస్తకాలు చూసేది, ‘ఏం చెప్పాలో’ తెలిసినది లీడర్లే. అందుకే సంఘాలను కలిపేసి అందరి పేర్లనూ అక్షర క్రమంలో మళ్లీ రాసి, అప్పుడు ప్రతి మూడో పేరు తీశాను. లాటరీ చీటీలైనా పరవాలేదు. ఎలా తీశామో ఒక పేజీలో రాసి, జాబితా పేర్లు తీసేసి అనుబంధంలో పెట్టాలి.

దానితోపాటు 15 పేర్ల రిజర్వ్ జాబితా కూడా అప్పుడే తీసి పెట్టుకోవాలి. మూడుసార్లు వెళ్లినా మనిషి దొరక్కపోతే రిజర్వ్‌లోంచి వరసగా తీసుకోవాలి. పక్కింటావిడ ఖాళీగా ఉంది కదా అని ఆమెతో కానిచ్చేస్తే, మన నమూనా నిండా మధ్యాహ్నం ఇంటి దగ్గర ఉండేవాళ్లే చేరతారు. కూలికి పోయేవాళ్లు జారిపోతారు. అసలు తెలుసుకోవాలనుకున్నదే వాళ్ల సంగతి.

షెడ్యూల్ దగ్గర ఒక పేరు గోల. ఎదుటివాళ్లే చదివి నింపేది ప్రశ్నావళి. మనం అడిగి మనం నింపేది ఇంటర్వ్యూ షెడ్యూల్. మన ఊళ్లలో చేసేది రెండోది. మెథడాలజీ అధ్యాయంలో మొదటి పేరు రాసి వైవాలో ‘చదువురానివాళ్లు ఎలా నింపారమ్మా?’ అనిపించుకోవద్దు.

నా మొదటి షెడ్యూల్లో 64 ప్రశ్నలున్నాయి. నమూనాలో లేని 10 మందితో, పక్క ఊళ్లో పరీక్షించి చూస్తే ఒక్కొక్కటి గంటకు దగ్గర పడింది. అరగంట దాటాక జవాబులన్నీ ‘ఆ, అదే’ అని వస్తాయి. 41 ప్రశ్నలకు కుదిస్తే 35 నిమిషాలకు దిగింది. ఈ పైలట్‌ను చాలామంది కాగితం మీదే చేసేస్తారు. చేయకపోతే ఈ కింది మూడూ తెలిసేవి కావు.

మొదటిది, అప్పు ప్రశ్న. ‘అప్పు దేనికి తీసుకున్నారు?’ అని అడిగితే ‘బర్రె కొన్నాం’, ‘కిరాణా పెట్టుకున్నాం’ అంటారు. అప్పు తీసుకునేటప్పుడు ఎంసీపీ (సూక్ష్మ రుణ ప్రణాళిక) ఫారంలో సభ్యురాలి పేరు ఎదురుగా రాసిన మాట అది. దొడ్లో బర్రె ఉండదు. ఆమె అబద్ధం ఆడాలని ఆడలేదు, మన ప్రశ్న బ్యాంకువాళ్ల ప్రశ్నలా ఉంది, అంతే. క్రమం మార్చాను. ముందు ‘పోయిన ఏడాది ఇంట్లో పడ్డ పెద్ద ఖర్చులు ఏవి?’ అని అడిగి రాసుకోవాలి. తర్వాత ఒక్కో ఖర్చుకూ ‘దీనికి పైసలు ఎక్కడివి?’ అని. పెళ్లి, ఆసుపత్రి, ఇంజనీరింగ్ ఫీజు, పాత అప్పు తీర్చడం వరసగా వస్తాయి, వాటి పక్కన సంఘం పైసలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. చివర్లో మాత్రమే ‘సంఘం నుంచి మీ వాటాకు ఎంత వచ్చింది, అది మీరే వాడుకున్నారా?’ అనాలి. వాటా తన పేర తీసుకుని తోటికోడలికి ఇచ్చినవాళ్లూ ఉంటారు. ఈ ప్రశ్న లేకపోతే తోటికోడలి అప్పు ఈమె ఖాతాలో పడుతుంది.

రెండోది వడ్డీ. ఊళ్లో ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. దీన్ని 2 శాతం అని నమోదు చేసి, బ్యాంకు 12 శాతం పక్కన పెట్టి, వడ్డీ వ్యాపారి చవక అని తేల్చిన పట్టికను నేను కళ్లారా చూశాను. నెల వడ్డీ, ఏడాది వడ్డీ వేర్వేరు గడుల్లో రాసుకోవాలి.

మూడోది కూలి. నాట్లు చాలాచోట్ల గుత్తకు వేస్తారు. ఎకరానికి ఇంత అని మాట్లాడుకుని గుంపుగా పంచుకుంటారు. ‘రోజు కూలి ఎంత?’ అనే ప్రశ్నకు అక్కడ జవాబే లేదు. ‘నెల ఆదాయం’ అంతకన్నా అన్యాయం. సీజన్‌వారీగా ఎన్ని రోజులు, ఏ పని, చేతికి ఎంత అని పట్టిక గీసుకుంటేనే ఏదో ఒక అంకె నిలబడుతుంది. ఆ అంకెను కూడా నేను పూర్తిగా నమ్మను. డిసర్టేషన్‌లో అదే మాట రాశాను.

కులం ప్రశ్న చివరికి పెట్టాలి. ‘బీసీ’ అని రాసుకుని వచ్చేస్తే తర్వాత ఏ, బీ, సీ, డీ, ఈ గ్రూపుల్లోకి విడదీయడం కుదరదు. ఆమె చెప్పిన కులం పేరే రాసుకుని, వర్గీకరణ రూమ్‌కు వచ్చాక చేసుకోవాలి.

వేళలు. ఎండాకాలం దగ్గరపడేకొద్దీ ఉపాధి హామీ పనులు ఊపందుకుంటాయి. తెల్లవారే వెళ్లినవాళ్లు ఎండ ముదిరేసరికి ఇల్లు చేరతారు. నాకు మధ్యాహ్నం 12 నుంచి 3, సాయంత్రం 6 నుంచి 8 బాగా పనిచేశాయి. పని జరిగే చోటికే వెళ్తే ఒకేచోట 40 మంది దొరుకుతారన్నది నిజమే. కానీ ఒకరిని అడిగితే నలుగురు చెబుతారు, అప్పు మాట రాగానే అందరూ ఒకటే జవాబు అందుకుంటారు. ఇంట్లో భర్త పక్కన కూర్చుని తానే చెప్పడం ఇంకో తలనొప్పి. ఆయన్ను ఆపితే కోపం వస్తుంది. భూమి, పంట ప్రశ్నలు ముందు ఆయన్నే అడిగి ముగించేస్తే చాలావరకు లేచి వెళ్లిపోతారు. మిగతావి అప్పుడు ఆమెతో.

‘ఏమన్న వస్తదా?’ అని దాదాపు ప్రతి ఇంట్లో అడుగుతారు. రాదని, ఇది చదువు కోసమని, చెప్పడం ఇష్టం లేకపోతే మానేయొచ్చని ముందే చెప్పాలి. ఆధార్, ఫోన్ నంబర్ అడిగామా, ఇదేదో పథకమని ఊరంతా పాకిపోతుంది. షెడ్యూల్ మీద పేరు రాయకూడదు, కోడ్ మాత్రమే. పేరుకూ కోడ్‌కూ లంకె ఉన్న కాగితం వేరే చోట ఉండాలి.

ఆ రోజు నోట్స్ ఆ రోజే రాసి, ఫొటోలు తీసి ఇంకో చోట దాచాలి. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలోని రాంపురలో చేసిన పని మీద సిద్ధం చేసుకున్న నోట్స్ మూడు ప్రతులూ 1970 ఏప్రిల్‌లో స్టాన్‌ఫర్డ్‌లో ఒకేసారి కాలిపోయాయి. మూడూ ఒకే గూట్లో ఉన్నాయి మరి. మన ఫోన్, ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్ ఒకే బ్యాగులో ఉంటే అదీ ఒక గూడే.

కోడింగ్‌కు, అంటే జవాబులను అంకెలుగా మార్చి కంప్యూటర్ షీట్‌లోకి ఎక్కించడానికి, నాకు 9 రోజులు పట్టింది. అందులో రెండు రోజులు భూమి గడి మింగేసింది. పాసుపుస్తకంలో 2.20 అంటే 2 ఎకరాల 20 గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది 2.5 ఎకరాలు. షీట్‌లో 2.20 కొడితే అది 2.2 అయి కూర్చుంటుంది. 3.10 కొడితే 3.1 అవుతుంది, నిజానికది 3.25. సగటు, మొత్తం, చిన్న రైతు పెద్ద రైతు విభజన అన్నీ ఇక్కడి నుంచే వంకర పోతాయి. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి పెట్టుకుని, గుంటల్ని 40తో భాగించి మూడో గడిలో కలపడమే మందు. ఆంధ్రలో సెంట్లు కాబట్టి ఈ బాధ లేదు, ఎకరం 100 సెంట్లు.

జవాబు లేనిచోట 99 వేసే అలవాటుంది. సాఫ్ట్‌వేర్‌కు అది ‘జవాబు లేదు’ అని చెప్పకపోతే అంకెగానే లెక్కిస్తుంది. 116 మందికి సగటున ఇద్దరు పిల్లలు, నలుగురికి 99 అనుకుంటే, సగటు 5 దాటిపోతుంది. ఒకరు రెండు మూడు ఖర్చులు చెప్పిన ప్రశ్నకు ఒక్కో ఖర్చూ ఒక్కో గడి, ఉంటే 1, లేకపోతే 0. అప్పుడు శాతాల మొత్తం 100 దాటుతుంది, పట్టిక కింద ఆ మాట రాయాలి. లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ లేకపోతే ఉచితంగా దొరికే పీఎస్‌పీపీ, జమోవీ ఈ పనికి సరిపోతాయి.

రెండు విషయాలకు సంబంధం ఉందో లేదో చూసే కై-స్క్వేర్ పరీక్ష అందరూ వేస్తారు, గడుల లెక్క కొందరే చూస్తారు. 5 సామాజిక వర్గాలు, 6 రకాల ఖర్చులు పెట్టుకుంటే 30 గడులు. 120 మందిని 30 గడుల్లో పరిస్తే సగటున ఒక్కో గడికి నలుగురు. రావలసిన సంఖ్య (సంబంధమే లేకపోతే ఆ గడిలో ఉండాల్సినంత) 5 కన్నా తక్కువున్న గడులు 20 శాతం దాటితే ఆ పరీక్ష ఫలితాన్ని నమ్మకూడదు. అంటే వేయకముందే అది చెల్లదని తెలిసిపోతోంది. 3 వర్గాలు, 3 రకాలుగా కలిపాక 9 గడులు, సగటు 13. అప్పుడు వేశాను. ఎందుకు కలిపామో కూడా ఒక వాక్యం రాయాలి. ఫలితం రావడానికే కలిపామనుకోకుండా.

సాహిత్య సమీక్షలో అందరూ సామాజిక శాస్త్రవేత్త ఎస్.సి. దూబే పేరు ఎత్తుతారు. 1950ల మొదట్లో ఉస్మానియా నుంచి శామీర్‌పేట మీద జరిగిన అధ్యయనం కాబట్టి మనకది దగ్గరి చుట్టం. కానీ పేరు రాసి రెండు వాక్యాలు ఎత్తి పెట్టడం సమీక్ష అవదు. ఆయన బృందంగా పనిచేసి ఊరంతా చూశారు, నేను ఒంటరిగా 20 రోజుల్లో ఒకే ఒక్క ప్రశ్న చూశాను. ఈ తేడా రాస్తే పరిమితులు అనే భాగం దానంతటదే తయారవుతుంది. కాపీ విషయంలో యూజీసీ 2018 నిబంధనలు 10 శాతం దాకా పోలికను వదిలేస్తాయి, ఆ పైన శిక్షల మెట్లు మొదలవుతాయి. తెలుగులో రాసేవాళ్లు మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో టైప్ చేయాలి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేయించి చివర్లో మార్చితే ఒత్తులు చెల్లాచెదురై ప్రూఫ్‌కే వారం పోతుంది.

వైవా 20 నిమిషాలు. నమూనా ఎలా తీశావు, షెడ్యూల్‌కూ ప్రశ్నావళికీ తేడా ఏంటి, ఏ పట్టిక నిన్ను ఆశ్చర్యపరిచింది. మూడోదానికి జవాబు ముందే అనుకుని వెళ్లడం మంచిది. నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష)కు చదివేవాళ్లకు ఇదంతా వృథా పోదు. సోషియాలజీ సిలబస్‌లోని 10 యూనిట్లలో రెండోది పరిశోధన పద్ధతులే.

డిసర్టేషన్‌లో ఒక అధ్యాయాన్ని పేపర్‌గా మార్చి సెమినార్‌కు పంపేవాళ్లు మొత్తం కథ చెప్పబోతారు, పది నిమిషాల్లో అది సాగదు. ఒక ప్రశ్న, ఒక పట్టిక చాలు. సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు అక్కడే నిలబడి పేరు మెమోలో ఉన్నట్టే ఉందో లేదో, పేపర్ శీర్షిక, తేదీ ఉన్నాయో లేదో చూసుకోవాలి. ‘పాల్గొన్నారు’ అని ఉన్న సర్టిఫికెట్‌ను డిపార్ట్‌మెంట్ వార్షిక నివేదికలో పేపర్ సమర్పించినట్టుగా వేయరు. కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ కోసం పెట్టే ఫైలుకు అంగీకార లేఖ కూడా అడుగుతారు. నేను ఆ మెయిల్ డిలీట్ చేసేశాను, మళ్లీ తెప్పించుకోవడానికి రెండు నెలలు పట్టింది.